సగం కుట్టిన చొక్కా

ఆదివారం పొద్దున వీధి వీధంతా ముసుగు తన్ని పడుకున్న వేళకే మూడో అంతస్తులో ఒక ఇంట్లో స్టవ్ వెలిగేది. ఉడికించిన గుడ్లు, బ్రెడ్డు, అరటిపళ్లు ఒక సంచిలో, నీళ్ల సీసాలు, పాత దుప్పటి, రెండు బొమ్మల కథల పుస్తకాలు మరో సంచిలో సర్దుకుని భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు మెట్లు దిగేవారు. బస్సెక్కితే చివరి స్టాపు అడవి. అక్కడ చెట్ల కింద దుప్పటి పరిచి, పిల్లలచేత పుస్తకాలు చదివించి, సాయంత్రానికి ఇల్లు చేరేవారు.

"పిల్లల్ని పెంచితే అలా పెంచాలి. మనవాళ్లున్నారు ఎందుకూ, ఫోను మీంచి తలెత్తరు" అని కింది అంతస్తు ఇల్లాలు వాళ్లు వెళ్లినప్పుడల్లా భర్తను దెప్పేది. మీరైనా నేనైనా ఆ మాటే అనేవాళ్లం. పిల్లలతో అడవికి వెళ్లే కుటుంబాన్ని, పిల్లల చేతికి పుస్తకమిచ్చే తల్లిని ఎవరు తప్పుపడతారు? కాకపోతే ఆ సంచిలో ఇంకొక వస్తువు కూడా ఉండేది. ఎర్రటి బాణం గుర్తు స్టిక్కర్లున్న చిన్న కాగితం.

ఆ తల్లి రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చెకర్. కుట్టడం పూర్తయిన చొక్కాలు ఆమె బల్ల మీదకు వస్తాయి. కాలరు తిప్పి చూసి, బొత్తాలు లాగి చూసి, లోపలి కుట్లను వేలితో తడిమి, ఎక్కడ లోపముంటే అక్కడ ఒక ఎర్ర బాణం అంటిస్తుంది. చొక్కా మళ్లీ కుట్టినవాళ్ల దగ్గరికి పోతుంది. ఆమెది గద్ద కన్ను అని ఫ్యాక్టరీలో పేరు. తప్పించుకుపోయిన దారప్పోగు లేదు. అక్కడా ఇక్కడా అందరూ ఆమెను చెకింగ్ అక్క అనే పిలిచేవారు. సిటీ బస్సు నడిపే ఆమె భర్త మాత్రం, "నా బస్సులో చెకింగువాళ్లు ఎప్పుడో నెలకోసారి ఎక్కుతారు. మా ఇంట్లో దిగనే దిగరు" అని తోటి డ్రైవర్లను నవ్వించేవాడు.

కూతురికి ఆరేళ్లు. దాన్ని వసపిట్ట అనేవారు. నోరు మూతపడితే కదా. అక్షరాలు రాకముందు పుస్తకం తెరిచి, బొమ్మలు చూసుకుంటూ సొంత కథలు అల్లి, మూడేళ్ల తమ్ముడు బుడంకాయకు చెప్పేది. ఆ కథల్లో తాబేలుకు జ్వరం వచ్చేది, చందమామకు జుట్టు పెరిగేది. బుడంకాయ నోరు తెరుచుకుని వినేవాడు.

తర్వాత బడి వచ్చింది. మొదటి పేరెంట్స్ మీటింగులో టీచరు, "మీ పాప ఉన్న మాటలు వదిలేసి లేని మాటలు చదువుతోందండీ. కొంచెం ఇంట్లో చూసుకోండి" అంది. టీచరు మామూలుగానే అంది. తల్లికి మాత్రం గుండెలో రాయి పడింది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి ఆమె. రోజంతా బల్ల ముందు నిలబడి, సాయంత్రానికి వాచిన పాదాలతో మెట్లెక్కుతూ, తన కూతురికి ఈ నిలువుకాళ్ల ఉద్యోగం వద్దని ఎన్నిసార్లు అనుకుందో. ఆ పాదాల నొప్పి తెలిసినవాళ్లు ఆమెను తొందరపడి నిందించరు.

ఆమెకు తెలిసిన పని ఒక్కటే. ఆ పనే ఇంట్లోనూ మొదలుపెట్టింది. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాన్ని కూతురు చదువుతుంటే పక్కనే కూర్చునేది. పిల్ల తడబడిన మాట కింద ఎర్ర బాణం పడేది. మర్నాడు అక్కణ్ణుంచే మొదలు. అడవిలోనూ అంతే. ఉడుత కొమ్మ మీద తోక ఎగరేస్తూ పరుగెడితే పిల్ల కళ్లు దాని వెంట పరుగెత్తేవి. "ముందు దాని పేరు రాసి చూపించు" అనేది తల్లి. ఇసుకలో పుల్లతో పిల్ల రాసేలోపు ఉడుత పక్క చెట్టుకు చేరిపోయేది. చెట్లకు కట్టిన పేర్ల బోర్డులు ఒక్కటి విడవకుండా చదవాల్సిందే.

"కాస్త వదిలెయ్యవే. అడవికొచ్చింది గాలి పీల్చుకోవడానికా, పరీక్ష రాయడానికా?" అనేవాడు భర్త.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా అండీ? మీరు గారాబం చేయండి, నేను గట్టిగా ఉంటాను. ఎవరో ఒకరు ఉండాలిగా."

సామెతకు ఎదురు చెప్పడం అతనికి చేతకాలేదు. టోపీ ముఖం మీద వేసుకుని పడుకునేవాడు.

కొంతకాలానికి వసపిట్టకు ఆదివారం ఆదివారం కడుపునొప్పి రావడం మొదలైంది. డాక్టరు నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. ఆ నొప్పి వెళ్లేటప్పుడు ఉండేది, తిరుగు బస్సు ఎక్కగానే పోయేది. మాటలు తగ్గాయి. ఏమడిగినా "ఊ", "లేదు". తాబేలు జ్వరం సంగతి తమ్ముడు అడిగితే, "నాకు తెలీదు, అది పుస్తకంలో లేదు" అంది.

తల్లి ఇవన్నీ చూసింది. చూసి కూడా, పిల్లకు బుద్ధి కుదురుతోందని సంతోషించింది. పైగా ఆమెకు గర్వంగా ఉన్న సంగతి మరొకటి ఉంది. పుస్తకాల్లో తాను అంటించిన బాణాలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. నేర్చుకున్న మాట దగ్గర స్టిక్కరు తీసెయ్యమని తనే చెప్పింది. అంటే పిల్ల నేర్చుకుంటోందన్నమాట. ఫ్యాక్టరీలో నలుగురికీ చెప్పుకుంది కూడా.

ఒక ఆదివారం భర్త ఎప్పటిలాగే కునుకు తీస్తున్నాడు. తల్లి సీసాల్లో నీళ్లు నింపుకోవడానికి గేటు దగ్గర కుళాయికి వెళ్లింది. తిరిగొస్తూ చెట్ల వెనకనుంచి చూస్తే పిల్లలిద్దరూ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. అక్క తమ్ముడికి కథ చెబుతోందనుకుని, చూడముచ్చటేసి అక్కడే ఆగింది.

వసపిట్ట పుస్తకంలో నక్క బొమ్మ మీద వేలు పెట్టింది. "ఇదేంటి?"

"కుక్క" అన్నాడు బుడంకాయ.

వసపిట్ట కాగితం మీంచి ఒక ఎర్ర బాణం ఊడదీసి తమ్ముడి బుగ్గకు అంటించింది. వాడికి అది ఆటలా ఉంది, నవ్వాడు. కుందేలును పిల్లి అన్నాడు. నుదుటి మీద ఇంకొకటి పడింది. మూడోసారి అక్క వేలు పెట్టగానే వాడు బొమ్మ వైపు చూడలేదు, అక్క ముఖం వైపు చూశాడు. తర్వాత చేతులతో నోరు మూసుకున్నాడు.

"చెప్పు" అంది అక్క. వాడు తల అడ్డంగా ఊపి ఏడుపు లంకించుకున్నాడు.

"ఏడవకు. నాకూ ఉన్నాయి, చూడు." వసపిట్ట తన గుడ్డ టోపీ తీసి తిప్పి చూపించింది. అడవికి వచ్చేటప్పుడు మాత్రమే పెట్టుకునే ఆ టోపీ లోపల, అంచు చుట్టూ ఎర్ర బాణాలు. పాతవాటికి వెంట్రుకలు అంటుకుని నల్లబడ్డాయి. కొత్తవి ఇంకా మెరుస్తున్నాయి.

తల్లి చేతిలో సీసాలు ఎప్పుడు జారాయో ఆమెకు తెలియదు. ఆ చప్పుడుకు పిల్ల గబుక్కున టోపీ తలకు తగిలించుకుంది.

"అవి... అవి నీ టోపీలో ఎందుకున్నాయమ్మా?"

పిల్ల తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. దెబ్బలు పడతాయేమోనని టోపీని రెండు చేతులా నొక్కి పట్టుకుంది. "పుస్తకం తిరిగి ఇచ్చేయాలి కదమ్మా. లైబ్రరీ ఆంటీ చూస్తే పుస్తకంలో తప్పులున్నాయనుకుంటుంది. పుస్తకం మంచిదే కదా. తప్పు నాది. అందుకని నాకు పెట్టుకున్నా."

నేర్చుకున్నందుకు ఊడినవి కావు ఆ బాణాలు. ఆరేళ్ల పిల్ల ఒక్కొక్కటే తీసి తన తల మీదకు తెచ్చుకుంది. ఆ తల్లి కూలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. ఏడ్చింది. పిల్ల మాత్రం ఏడవలేదు, కదలకుండా కూర్చుంది. ఆ కదలకపోవడం చూసి ఆమెకు ఇంకా భయం వేసింది.

మర్నాడు ఫ్యాక్టరీలో, ఎన్నడూ లేనిది, బొత్తం లేని చొక్కా ఒకటి ఆమె బల్ల దాటిపోయింది. చివరి చెకింగులో ఉండే, అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ దాన్ని పట్టుకుంది. ఆ ఫ్యాక్టరీలో అందరికీ పని నేర్పింది ఆవిడే. మేనేజరు కూడా ఆవిడ ఎదురొస్తే పక్కకు తప్పుకుంటాడు. పెద్దమ్మ కేకలు వెయ్యలేదు. భోజనాల వేళ చొక్కా ఒళ్లో పెట్టుకుని పక్కన వచ్చి కూర్చుంది.

"ఏంటే, నీ కళ్లు ఎక్కడ పెట్టొచ్చావు ఇవాళ?"

చెకింగ్ అక్క జరిగిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ డబ్బా మూత తీస్తూ పెడుతూనే ఉంది. పెద్దమ్మ అన్నీ విని, కాసేపు నమిలి, నీళ్లు తాగి అడిగింది.

"మన బల్ల మీదకి ఏ చొక్కా వస్తుంది?"

"కుట్టడం అయిపోయినది, పెద్దమ్మా."

"మిషన్ మీద సగం కుట్టిన చొక్కా ఉందనుకో. దానికి చేతులు లేవని స్టిక్కరు పెట్టొస్తావా?"

"అదెలా పెడతాను? ఇంకా కుడుతున్నారుగా."

"మరి ఆరేళ్లది అప్పుడే నీ బల్ల మీదకి ఎలా వచ్చిందే?"

చెకింగ్ అక్క డబ్బా మూత పెట్టేసి పక్కకు జరిపింది.

"నీ కన్ను మంచిదే. మనకు తిండి పెడుతోంది ఆ కన్నే" అంది పెద్దమ్మ, మెత్తగా. "ఇంటికెళ్లేటప్పుడు దాన్ని ఇక్కడ పెట్టేసి వెళ్లు."

"అలవాటైపోయింది. తప్పు కనబడితే ఊరుకోలేను పెద్దమ్మా."

"అయితే కళ్లు మూసుకో. చెవులున్నాయిగా, వాటికి కూడా కాస్త పని చెప్పు."

ఆ సాయంత్రం ఆమె స్టిక్కర్ల కాగితాన్ని ఫ్యాక్టరీలోనే వదిలేసింది. టోపీలోని బాణాలను కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటిగా గోటితో గీకి తీసింది. "ఇవి నీవి కావు తల్లీ. నేనే పెట్టకూడని చోట పెట్టాను" అని చెప్పింది. పిల్ల తలూపింది. అయితే బాణాలు తీసినంత సులువుగా భయం పోతుందా?

తర్వాతి ఆదివారం పుస్తకాలు సంచిలోనే ఉండిపోయాయి. ఆమె తియ్యమనలేదు. ఊరికే నడిచారు. ఎండుటాకుల మీద బుడంకాయ దొర్లాడు. ఉడుత వచ్చింది, వెళ్లింది, ఎవరూ దాని పేరు రాయలేదు. ఆ పై ఆదివారమూ అంతే. తండ్రి రాలిన కాయలు విసిరి పట్టుకునే ఆట నేర్పాడు. పిల్లకు కడుపునొప్పి తగ్గింది కానీ పుస్తకం వైపు చెయ్యి చాచలేదు. ఇక ఎప్పటికీ చాచదేమో, ఆ సరదా తన చేతుల్తోనే తుంచేసిందేమోనని తల్లి లోలోపల కుమిలిపోయింది. అయినా పెదవి విప్పలేదు. పిల్లల్ని తొందరపెట్టడం ఎవరికైనా వస్తుంది. ఎదురు చూడటమే ఆమె కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం, తిన్న అరటితొక్కలు సర్దుతుంటే వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది.

"అమ్మా, చదవనా?"

"చదువమ్మా" అని ఆమె దుప్పటి మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది.

ఎలుగుబంటి తేనె కోసం బయలుదేరిన కథ అది. ఆమెకు ప్రతి మాటా కంఠతా వచ్చు. నాలుగో వాక్యంలో పిల్ల ఒక మాట తప్పు చదివి ఆగిపోయింది. పిల్ల తన ముఖంలోకి చూస్తోందని ఆమెకు తెలుసు. సరైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని అక్కడే మింగేసింది.

"ఊఁ, తర్వాత ఏమైంది?"

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న కూతురిని ఆమె అడగడం అదే మొదలు. పిల్ల గొంతు సవరించుకుంది. ఇంకో వాక్యం చదివింది, ఇంకోటి చదివింది. ఉన్నట్టుండి ఎలుగుబంటి పుస్తకంలోని దారి వదిలేసి తండ్రి నడిపే బస్సెక్కేసింది. టోపీ కింద పడుకున్న డ్రైవరు లేచి కూర్చుని, "టికెట్టు తీసుకుందా లేదా? లేకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా" అన్నాడు. బుడంకాయ పడీ పడీ నవ్వాడు. వసపిట్ట నవ్వుతూ నవ్వుతూ పేజీ వెనక్కి తిప్పింది.

"ఆగండాగండి. అమ్మా, ఇందాక ఇక్కడ నేను తప్పు చదివాను" అని, ఎవరూ అడగకుండానే, ఆ మాటను తనంతట తాను సరిగ్గా చదివి ముందుకు సాగింది.

తల్లి మూసిన కళ్ల చివరలనుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. ఆ కన్నీళ్లలో బాధ లేదు. పెద్దమ్మకు మనసులోనే దండం పెట్టుకుంది. మాట పడినా నవ్వుతూ కాపు కాసిన భర్త మీద ప్రేమ పొంగింది. అందరికంటే ఎక్కువగా, అన్ని బాణాలు మోసి కూడా మళ్లీ తన దగ్గరికే పుస్తకం తెచ్చుకున్న ఆ పసిదాని మీద ఆమెకు కలిగిన కృతజ్ఞతకు కొలత లేదు.

తల్లులారా, తండ్రులారా, పిల్లలు మన పక్కన కూర్చుని పుస్తకం తెరిచినప్పుడు వాళ్లు మనకు పాఠం అప్పజెప్పడానికి రాలేదు, తమ లోకంలోకి మనల్ని పిలుస్తున్నారు. తప్పులు దిద్దుకోవడానికి వాళ్లకు బోలెడు జీవితం ఉంది కానీ, ఆ పిలుపు వినడానికి మనకున్నది కొన్నేళ్లే.