జడచుట్టు

దుబ్బును ఒడిసి పట్టుకుని, ఎండాకుల్నే పురిపెట్టి నడుం దగ్గర ముడి బిగించాడు పెదబాబు. చోడవరంలో చెరుకు గాలికి పడిపోకుండా రైతులు కట్టే జడచుట్టు అది. తీరా చూస్తే ఇక్కడున్నది చెరుకు కాదు. మధురవాడలో ఐటీ ఆఫీసుల వెనక, వాకింగ్ ట్రాక్ పొడుగునా నిలువెత్తు పెంచిన అలంకారపు గడ్డి. రాత్రి టీవీలో తుపానన్నారు. తెల్లారేసరికి చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. ఎవరినైనా అడగాలన్న ఆలోచనే రాలేదు.

అరవై దాటిన బక్కమనిషి. ఆకుపచ్చ యూనిఫాం టీషర్టు భుజాల మీంచి జారిపోతుంది. చెరుకాకు కోసిన పాత గీతలు మోచేతులదాకా తెల్లగా తేలి ఉన్నాయి.

ఈ పేటంతా ఆటే. ఒకరు పరిగెడతారు, ఒకరు సైకిలు తొక్కుతారు, ఆదివారం కార్ల మీద పడవలు కట్టుకుని రుషికొండ సముద్రానికి పోతారు. ఒళ్లు అలిసిపోడానికి ఇన్ని తంటాలా అని మొదట్లో పెదబాబు నవ్వుకునేవాడు. తర్వాత నవ్వే ఓపిక పోయింది. భార్య సన్యాసమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ చేయించుకుని చోడవరం బస్సెక్కితే దారంతా వాంతులు. అందుకే ఉన్న పొలం చెక్క కౌలుకిచ్చి ఈ తోటపనిలో చేరాడు. పనితోపాటు పంపుహౌసు పక్కన గదిచ్చారు. ఆస్పత్రి కూడా దగ్గరే. పని పోతే గది పోతుంది, గది పోతే ఆమె... ఆ ఆలోచనను ఎప్పుడూ అక్కడే ఆపేసేవాడు.

సూపర్‌వైజర్ శివాజీ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అతనిది చోడవరం పక్కనున్న వడ్డాది.

"ఏటి సేసేవు మావా? గడ్డికి జడలేస్తావేటి?"

"తుపానంట గదా బాబూ. పడిపోతాదని కట్టేను."

"అది ఊగడానికే ఏసేరు మావా! ఊగితేనే ఫొటోలు దిగుతారు. వాకింగోళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ తిడతన్నారు, సూడు."

పెదబాబు చూడలేదు. గబగబా ముడులు విప్పడం మొదలుపెట్టాడు. బిగించినచోట కాడలు నలిగి, విప్పినవి విప్పినట్టే వాలిపోయాయి. మధ్యాహ్నానికి తుపాను కూడా ఒడిశా వైపు మళ్లిపోయింది. చెప్పుకోడానికి ఆ సాకూ మిగల్లేదు.

"గది కాళీ సెయ్యమన్నారు మావా," శివాజీ నేల చూపులు చూశాడు. "కాంట్రాక్టరు కాళ్లు పట్టుకున్నంత పని సేసేను. ఇన్లేదు."

గదిలో సన్యాసమ్మ ఆ మాటలు విని అప్పటికే మంచం మీద లేచి కూర్చుంది. కిటికీలోంచి స్కేటింగ్ పిల్లల్ని చూడటం ఆమెకు రోజూ పండగ.

"మనూరే ఎలిపోదాం. ఈ సముద్రం గాలి నాకు పడ్డం నేదు," అంది.

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పెదబాబు గోడవైపు తిరిగి మూట కట్టుకున్నాడు.

ఆమెకు ఆరోజు డయాలసిస్. అది చేయించుకుని, అటునుంచి అటే చోడవరం బస్సెక్కారు. ఇకమీదట వారానికి మూడుసార్లు అదే బస్సు.

సాయంత్రం ట్రాక్ మీద మళ్లీ జనం నిండారు. గాలికి గడ్డంతా వంగి లేస్తోంది. మలుపులో అతను విప్పడం మరిచిన ఒక్క దుబ్బు, నడుముకు ముడితో, కదలకుండా నిలబడి ఉంది.