పోతానన్న మాట

నాకు అమ్మవారు పూనింది బతుకులో ఒక్కసారే. అదీ దొంగపూనకం. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

పూరీ గేట్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి చిలకమ్మకి పురిట్లోనే బిడ్డ పోయింది. అప్పట్నుంచి తిండి లేదు, నిద్ర లేదు, గోడవైపు తిరిగి గొణుక్కునేది. మొగుడు తవిటయ్య వర్క్‌షాపులో ఫిట్టరు, నోట్లో నాలుక లేని మనిషి. వాడకట్టంతా కలిసి అది అమ్మవారేనని తేల్చేసింది. శుక్రవారం వస్తే చాలు వేపమండలు, పసుపునీళ్లు, కొబ్బరికాయలు. ప్రమోషను ఎప్పుడొస్తుందని కూడా దాన్నే అడిగేవాళ్లు, సిగ్గులేని జనం.

ఓరోజు కుళాయి దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"రత్నమొదినా, నాను పోతాను. నాకు బతకాలని నేదు."

మనలో గడప దాటేవాళ్లెవరూ పోతాననరు, వెళ్లొస్తాననే అంటారు. బిందె అక్కడే వదిలేసి గుడి పూజారి పరబ్రహ్మంగారి దగ్గరికి పరుగెత్తాను. తవిటయ్య ఆయన మాట జవదాటడు మరి.

"శివశివా! ఆత్మహత్య మహాపాపం. పిండమైనా ముట్టదు. అంత పాపిష్టి మాట మన చిలకమ్మ అంటుందా? అన్నది అమ్మవారు. పోతానందంటే దిగిపోతోందన్నమాట. శుక్రవారం హారతిచ్చి సాగనంపుదాం," అన్నారాయన సంతోషంగా. ఆసుపత్రి మాట ఎత్తితే చెవులు మూసుకున్నారు.

అన్నంత పనీ చేశారు. కర్పూరం వెలిగించి, "సల్లగా పో తల్లీ" అని అందరూ దండాలు పెడుతున్నారు. చిలకమ్మ వాళ్లందర్నీ చూసి, సరేనన్నట్టు తలూపింది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. జుట్టు విరబోసుకుని మధ్యలోకి దూకాను.

"ఒరే తవిటీ! నన్నే పొమ్మంతార్రా? ఈ పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెల్లు. డాక్టరు సెప్పినన్నాల్లూ నానక్కడే కూకుంతాను. ఎవుడడ్డొచ్చినా కల్లు పేలిపోతాయి!"

ముందుగా లెంపలేసుకున్నది పరబ్రహ్మంగారే. తవిటయ్య రిక్షా కోసం పరుగెత్తాడు.

ఎవరు పంపారని ఆసుపత్రిలో తెలుగు రాని డాక్టర్‌బాబు అడిగితే, "మా నే భేజా" అన్నాడట తవిటయ్య హిందీలో, అమ్మ పంపిందని. మా అంటే కన్నతల్లే అనుకుని, మీ అమ్మ చాలా తెలివైన మనిషి అని ఆయన మెచ్చుకున్నాడట.

మందులతో, మాటలతో మనిషి తేరుకోడానికి నెలలు పట్టింది. ఇప్పుడు శుక్రవారమొస్తే కొబ్బరికాయలు నా గుమ్మంలో. మొన్న పరబ్రహ్మంగారే వచ్చి అల్లుడి బదిలీ సంగతి అడిగారు. కళ్లు మూసుకుని ఏదో ఒకటి అనేద్దామనుకుంటుంటే, చేతిలో సంచీతో చిలకమ్మ గుమ్మం ముందు ఆగింది.

"బజారుకి ఎల్లొస్తానొదినా."

"ఎల్లిరా తల్లీ," అన్నాను. అని, ఆపుకోలేక ఏడ్చేశాను.

అమ్మవారి కంట ఆనందబాష్పాలు, ఇక బదిలీ ఖాయమని పరబ్రహ్మంగారు లెంపలేసుకుని లేచారు.