సగం పవర్

కర్నూలులోని ఆ ల్యాబులో నాగజ్యోతి నాలుగేళ్లు ఒకే పని చేసింది. గాజు పలక మీద పల్చగా పూసిన క్రోమియం పొర మీద లేజర్ మెరుపులు పడేలా చేయడం. ఒక్కో మెరుపు ఎంత చిన్నదంటే, దాని పక్కన రెప్పపాటు ఒక యుగం. పవర్ సరిగ్గా కుదిరితే పొర మీద దువ్వెనతో దువ్వినట్టు గీతలు పడతాయి. వాటి మధ్య ఎడం వెంట్రుక మందంలో నూరోవంతు. పలకను వెలుతురులో వంచితే నెమలి మెడ రంగులు.

అవి కుదిరాక ఆమె పీహెచ్‌డీ గైడు సుదర్శన్ చూసిస్తానని ఆమె నోట్‌బుక్కు తీసుకున్నాడు. ఆర్నెల్లకు ఆ పని మీద పరిశోధన పేపరు అచ్చయింది. మొదటి పేరు ఆయన మేనల్లుడు ప్రదీప్‌కుమార్‌ది, రెండోది ఆయనది. నాగజ్యోతి పేరు చివర కృతజ్ఞతల్లో ఉంది.

"పిల్లోనికి ఇంటర్వ్యూ ఉండాదమ్మా. నువ్వు ఇంకోటి రాసుకుందువులే," అన్నాడు సుదర్శన్.

ఆమె తల ఊపింది. హాస్టలు గదిలో కూర్చుని పేపరు చదువుతూ రెండో పేజీలో ఆగిపోయింది. పవర్ అంకెను నోట్‌బుక్కులోంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. అది లేజరు మూతి దగ్గర కొలిచిన అంకె. దారిలోని పాత అద్దాలు సగం మింగేస్తాయి, పొరకు చేరేది మిగతా సగమే. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆ మౌనాన్ని ఏడాది పాటు పంటి కింద బెల్లంముక్కలా చప్పరించింది.

కడపలో ఒక కాలేజీవాళ్లు కొత్త లేజర్ కొన్నారు. పొరకు చేరే పవర్‌నే చూపించే మిషను. ప్రారంభానికి సుదర్శన్‌ను పిలిచారు; ఆయన ప్రదీప్‌కుమార్‌నూ, సాయానికి నాగజ్యోతినీ వెంట తీసుకెళ్లాడు. అందరి ముందు గీతలు వేసి చూపించమన్నారు. ప్రదీప్‌కుమార్ పేపరు చూసి అంకె పెట్టాడు, బటన్ నొక్కాడు. పొర కాలి లేచిపోయింది. పలక మార్చి మళ్లీ నొక్కాడు. మళ్లీ బొక్కే.

"ఏమైందమ్మా? చూడు," సుదర్శన్ నాగజ్యోతి వైపు వంగి గొంతు తగ్గించాడు.

"పేపరు రాసినోళ్లు ఈడే ఉండారు కదా సార్. ఆయప్పనే అడగండి."

ప్రదీప్‌కుమార్ చెమటలు తుడుచుకున్నాడు. అప్పుడు ముందు వరసలోని పెద్ద శాస్త్రవేత్త ఒకావిడ, "నీకు తెలుసా పాపా?" అంది. నాగజ్యోతి లేచి వెళ్లి పవర్‌ను సగానికి దించింది. పలక మీద రంగులు పరుచుకున్నాయి. పని ఎవరిదో ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

నెల తిరక్కుండా పత్రికవాళ్లు పేపరును వెనక్కి తీసుకున్నారు. దాంతో వచ్చిన ప్రదీప్‌కుమార్ ఉద్యోగం పోయింది. సుదర్శన్ ల్యాబు గుమ్మంలో ఆమెను ఆపాడు.

"ముందే చెప్పింటే సరిపోయేది కదమ్మా."

"సరిపోయేది సార్. నాకు చెప్పబుద్ధి కాలేదు."

గైడు మారడంతో ఆమె పీహెచ్‌డీ రెండేళ్లు వెనకబడింది. తల్లి నాగలక్ష్మమ్మ, "ఎందుకు తల్లీ ఇంత పంతం?" అని కళ్లొత్తుకుంది. ఆ రాత్రి నాగజ్యోతి మాత్రం ఏడాదిలో మొదటిసారి కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయింది.