సిమ్మర్‌కి సాక్షి

అర్థాలు రాయడమే ఆయన ఉద్యోగం. నిఘంటువు ఆఫీసులో ఇరవై ఏళ్లుగా, ఏ ఇంగ్లీషు మాట అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. అంతటివాడు ‘సిమ్మర్’ దగ్గర బోర్లాపడ్డాడు.

తప్పంతా పెద్దావిడ, అంటే సంపాదకురాలు, పెట్టిన నియమానిది. మాటకి అర్థం రాసినవాడు ఆ సంగతిని స్వయంగా చూసో వినో ఉండాలి, చీటీ కింద సాక్షిగా సంతకం పెట్టాలి. ఒక్క మాటకి అరువు సాక్షి వచ్చినా రాసినవాడి పేరు మొదటి పేజీలోంచి పోయి, సాక్షి పేరు ఎక్కుతుంది. ఈయన ‘సన్నసెగ మీద ఉడకడం’ అని పుస్తకాల్లోంచి ఎత్తి, సంతకం గిలికేశాడు.

"చప్పుడెలా ఉంటుందండీ?" అందావిడ.

"గలగలా..."

చీటీ వెనక్కొచ్చింది. రేపే ఆఖరి గడువు. మొదటి పేజీలో పేరు కోసం ఇరవై ఏళ్లు కళ్లు కాయలు కాచిన మనిషి, చచ్చినట్టు వంటింటి గడప తొక్కాడు.

భార్య బంగాళాదుంపల గిన్నె పొయ్యి మీద పెట్టింది. మూడు రోజులుగా ముక్తసరిగా మాట్లాడుతోంది. అది గమనించే తీరిక అర్థాల మనిషికెక్కడిది?

"మూత తీయకండి, చెవి పెట్టండి," అంది.

కుతకుత, కుతకుత.

"ఇదే! ఆ మాట పుట్టిందే ఈ చప్పుడులోంచట! తర్వాత గిన్నె దిగి మనుషుల్లోకొచ్చింది. కోపం పైకి పొంగకుండా లోలోపల ఉడుకుతుంటే అదీ సిమ్మరే. దానికో ఉదాహరణ కావాలి."

"రాసుకోండి. ‘మీ ఆవిడ ఏం చేస్తుంటారు’ అని మొన్న మీ స్నేహితుడు అడిగితే, ‘ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది’ అన్నాడొక మొగుడు. అప్పట్నించీ పెళ్లాం సిమ్మర్‌లో ఉంది."

కలం ఆగింది. లోకంలోని మాటలన్నిటికీ అర్థం చెప్పేవాడు, ఇంట్లో మనిషికి ఇచ్చిన అర్థం ‘ఏమీ లేదు’. ఆయనకి నిజంగా సిగ్గేసింది.

"తప్పయిపోయింది."

"అడుగంటుతుంది, జరగండి."

మర్నాడు సంపాదకురాలు, సాక్షి చోట ఆయన భార్య పేరున్న చీటీ చూసి కళ్లజోడు సవరించుకుంది. "చప్పుడు మీరే విన్నారుగా? మీరే సంతకం పెట్టొచ్చే!"

పెట్టొచ్చు. ఆయన కలం జేబులో పెట్టేసుకున్నాడు. "విన్నది నేనే. తెలిసింది మా ఆవిడకేనండీ. ఆవిడ పేరే వేయండి."

నిఘంటువు ఇంటికొచ్చిన రోజు, ఆవిడ మొదటి పేజీలో తన పేరు వేలితో తడిమి తడిమి చూసుకుంది. తర్వాత కిందికీ పైకీ వెతికింది.

"మీ పేరేదండీ?"

"నాదెందుకుంటుంది? నేను ఏమీ చేయను, ఇంట్లోనే ఉంటాను," అన్నాడు.

ఆ లావుపాటి పుస్తకంతోనే వీపు మీద ఒక్కటిచ్చింది.