బ్రేకుల్లో పోసిన సారా

బ్రేకు పెడలు డ్రైవరు షెతే కాలి కింద నేలదాకా దిగిపోయింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అంతే. సైన్యం వదిలేసిపోయిన ఆ ట్రక్కుని ఒమాలో అనే ఆ కొండ ఊరి నుంచి అబానో కనుమ మీదుగా కిందికి దింపడంలోనే అతని జుట్టు నెరిసింది. బ్రేకు ఇలా చేతులెత్తేయడం ఏనాడూ చూడలేదు. చచ్చిందానికి ఇవాళే కుదిరిందా!

ఇంట్లో భార్య మాక్వలా పొట్ట నిన్నటి నుంచీ రాయిలా బిగిసిపోయి ఉంది. మబ్బు విడిస్తేగానీ హెలికాప్టర్ రాదట. కనుమ మీద మంచు మొదలైంది. ఇవాళ దాటకపోతే మళ్ళీ వేసవిదాకా దారి లేదు. ఆమెని కింద అల్వాని ఆసుపత్రికి చేర్చడానికి ఊళ్ళో మిగిలింది ఈ ఒక్క బండే.

మూత తీసి చూశాడు. బ్రేకాయిల్ విరిగిన పాలలా ముద్దలు కట్టి ఉంది.

"నుగ్జార్! ఇందులో ఏం పోశావురా?"

మాక్వలా తమ్ముడు గొర్రెతోలు టోపీ చేతిలో నలుపుకుంటూ వచ్చాడు. "మొన్న తగ్గినట్టు కనిపిస్తే కొంచెం పోశా బావా. కింద తెలావి పట్నంలో కొన్నా. శ్రేష్ఠమైన రకం అన్నాడు కొట్టువాడు."

"వాడి బండికి శ్రేష్ఠమే! ఇందులో ఉన్నది ఆముదం, సారా అని నీకు ఎన్నిసార్లు చెప్పి చచ్చానురా? రెండూ కలిస్తే ఇదిగో, ఇలా జున్నవుతుంది. మీ అక్క ప్రాణం తీశావు కదరా!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నుగ్జార్ మాత్రం ఆ మాట నిజమే అన్నట్టు తల దించుకుని నిలబడ్డాడు.

సగం ఆముదం, సగం సారా. కుర్రతనంలో సైన్యంలో ఉన్నప్పుడు నేర్చుకున్న పాళ్ళు అవి, షెతే వాటిని ఎన్నడూ మార్చలేదు. ఇప్పుడు ఏది పోయాలి? నుగ్జార్ తెచ్చిన సీసాలో అడుగునే మిగిలింది, ఒక్క చక్రానికి కూడా చాలదు. ఆముదం డబ్బా సీటు కిందే ఉంది. కావలసింది సారా. గొట్టాల్లోని జున్నంతా కడగడానికి బోలెడు, ఆ పైన కలపడానికి మరికొంత. గొర్రెలు తోలుకుని కిందికి పోయినవాళ్ళు పీపాలు కూడా వెంట తీసుకుపోయారు.

ఒక్క జాడీ ఉంది. అతని ఇంట్లోనే, మెట్ల కింద, మైనంతో మూతి మూసి ఉంది. మాక్వలా తన చావుకని తనే కాచి దాచుకున్న ద్రాక్ష సారా. సమాధి దగ్గర మట్టి మీద పోసే మొదటి చుక్క పోయినవాళ్ళ సొంత జాడీలోదే అయ్యుండాలి అక్కడ. అరువు సారా పోశారంటే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ తలెత్తుకోలేరు.

షెతే మంచం పక్కన నిలబడి నసిగాడు. ఆమెకి అడగక్కర్లేకుండానే అర్థమైంది.

"తీసుకోవయ్యా. నా మొహం చూస్తూ నిలబడ్డావేం?"

"అది నీది కదే."

"నాది గనకే ఇస్తున్నా. బతికొస్తే ఇంకోటి కాచుకుంటా. చస్తే నా పేరు చెప్పి నీళ్ళు తాగండి, తాగుబోతు వెధవల్లారా." నవ్వబోయి, పొట్ట పట్టుకుని గోడవైపు తిరిగిపోయింది.

నుగ్జార్ క్యాబిన్‌లో కూర్చున్నాడు. షెతే మంచుబురదలో వెల్లకిలా పడుకుని బ్రేకు గొట్టంలో గాలి తీసే నట్టు విప్పాడు.

"తొక్కు!"

"తొక్కా!"

"అలాగే పట్టుకో... ఇప్పుడు వదులు!"

ముందు జున్ను రాలింది. తర్వాత తెల్లటి నీళ్ళు. జాడీలో చాలా భాగం అలా కడగడానికే పోయింది, ఊరి గాలంతా సారా వాసన. ఎంత కష్టపడి కాచిందో ఆవిడ! షెతే మిగిలినది ఆముదంతో కలిపి పోసి, దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కదానికీ గాలి తీశాడు. మధ్యాహ్నానికి పెడలు రాయిలా నిలబడింది.

"అక్కా, పద!" నుగ్జార్ పసిపిల్లాడిలా అరిచాడు.

పరుపుతో సహా ఆమెని ట్రక్కు వెనక భాగంలోకి ఎక్కించారు. నుగ్జార్ ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. లోయలోకి దిగి మళ్ళీ కనుమవైపు ఎక్కేదాకా బ్రేకులు ఏ మలుపులోనూ మొరాయించలేదు. అక్కడ ఎదురుగా మంచు, పొద్దునే బయల్దేరి ఉంటే తగిలేది కాదు. కొండ మీది మంచు చరియ దారికడ్డంగా, ట్రక్కు కన్నా ఎత్తున కూలి ఉంది. షెతే తొక్కాడు. బండి జారకుండా, ఊగకుండా, చెప్పిన మాట విన్నట్టు ఆగింది.

పార పట్టుకుని దిగాడు, కాసేపు తవ్వాడు. తవ్విన చోటికి పైనుంచి ఇంకా జారింది. పార పారేసి వెనక్కొచ్చాడు.

"ఆగాం కదూ?" అంది మాక్వలా.

"ఆగాం."

"నా సారా బాగానే పట్టిందే." పెదాలు నల్లబడ్డాయి. "తిప్పవయ్యా. చలేస్తోంది."

తిప్పాడు. ఊరు చేరేలోగానే ఆమె పోయింది. నుగ్జార్ క్యాబిన్ వెనకద్దం మీద కొట్టి చెప్పలేదు. ఎలాగూ తెలిసిపోయింది గనక షెతే కూడా ఆపి చూడలేదు.

మర్నాడు గొయ్యి తవ్వారు. చలికాలానికి ఊళ్ళో మిగిలిన నలుగురైదుగురు ముసలాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. "జాడీ తే," అన్నాడొకడు. ఎవరూ కదలకపోయేసరికి, అది బ్రేకుల్లోకి పోయిందని అతనికి గుర్తొచ్చింది. "మా ఇంట్లో కాస్త ఉంది..." అని ఇంకొకరు మొదలుపెట్టబోతే షెతే వాళ్ళవైపు చూశాడు.

గ్లాసు తీసుకుని నేరుగా, పక్కనే నిలిపి ఉన్న ట్రక్కు కిందికి దూరాడు.

"నుగ్జార్, ఎక్కు."

"బావా, వద్దు బావా..."

"ఎక్కరా! తొక్కు."

నుగ్జార్ ఏడుస్తూ తొక్కాడు. షెతే నట్టు విప్పాడు. పసుపుపచ్చగా, జిడ్డుగా, ఆముదం కంపు కొడుతూ గ్లాసులోకి కారింది. నిండేదాకా మళ్ళీ మళ్ళీ తొక్కించాడు. పెడలు నేలకి తగిలిన చప్పుడు అందరికీ వినిపించింది.

షెతే గ్లాసు తెచ్చి మట్టి మీద వొంపాడు. మట్టి వెంటనే పీల్చుకోలేదు, జిడ్డు కదా. అది ఇంకేదాకా అందరూ అలాగే నిలబడ్డారు.