నీళ్లొద్దన్న కారు

ధన్‌సింగ్ కారు కొన్నాడని తెలిసిన రోజు పాల్వంచ క్వార్టర్లలో సగం మంది నమ్మలేదు, నమ్మినవాళ్లు నవ్వారు. థర్మల్ కేంద్రంలో ఫిట్టరు ఉద్యోగం, ఇద్దరు ఆడపిల్లలు, షిఫ్టుకు పోవడానికి సైకిలు. అలాంటివాడు నాలుగు డబ్బులు చేరితే ఎకరం పొలం కొంటాడు, కాకపోతే పాడిబర్రెను కొంటాడు. ఈ మహానుభావుడు పోయి పోయి, దుమ్ముగూడెం వైపు ఆసుపత్రి నడిపి తన దేశానికి వెళ్లిపోయిన ఒక డాక్టరమ్మ వదిలేసిన జర్మనీ కారును కొన్నాడు. అది అప్పటికి ఒక రైసుమిల్లు షెడ్డులో పడి ఉంది, దాని సీట్ల మీద కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి. చూడ్డానికి అచ్చం తాబేలు డిప్ప. ముందుండాల్సిన ఇంజను వెనక ఉంటుంది, వెనక పెట్టాల్సిన సామాను ముందు పెట్టుకోవాలి.

"దీంతోటి ఏం పని?" అని అడిగింది భార్య మంగ్లి, చీర కొంగుతో ముక్కు మూసుకుని.

"పనేం లేదు. సరదాకు కొన్న."

"సరదానా? మన తాతల కాలం నుంచి మనోళ్లల్ల సరదాకని ఏమన్న కొన్నోన్ని ఒక్కన్ని సూపియ్యి!"

ధన్‌సింగ్ చూపించలేకపోయాడు. లోకం తీరే అంత. పనికొచ్చే వస్తువు కొంటే ఎవడూ ఎందుకని అడగడు, సంతోషం కోసం కొంటే మాత్రం ఇంటిల్లిపాదికీ సంజాయిషీ చెప్పుకోవాలి. అతను ఆదివారాలన్నీ ఆ కారు కింద పడుకుని మరమ్మతు చేశాడు. రెండు చలికాలాలు గడిచాక, ఎనభై ఏడు ఎండాకాలానికి అది గుర్రుమంటూ లేచింది.

ఆ కారు మీద అతనికి అంత మోజు ఎందుకో మంగ్లికి చెప్పలేదు గాని, మనం చెప్పుకోవచ్చు. దానికి నీళ్లు అక్కర్లేదు. అన్ని బండ్లకూ ఉన్నట్టు దానికి రేడియేటరు లేదు. వెనక ఇంజను పక్కన ఒక ఫ్యాను తిరుగుతూ గాలి కొడుతుంది, ఆ గాలికే ఇంజను చల్లబడుతుంది. ఆ సంగతి రైసుమిల్లు షెడ్డులో తెలిసిన క్షణమే ధన్‌సింగ్‌కు తన తల్లి గుర్తొచ్చింది.

అతని తల్లి ద్వాలి ఉండేది ఎర్రగుట్ట తండాలో. పాల్వంచ నుంచి భద్రాచలం పోయే అడవి దారిలో, ఒక పెద్ద ఎత్తు మీద ఉంటుంది ఆ తండా. ఎండాకాలంలో ఆ ఎత్తు ఎక్కేసరికి బస్సులూ లారీలూ ఆవిర్లు కక్కుతూ తండా ముందు నిలబడిపోయేవి. డ్రైవరు డబ్బా పట్టుకుని దిగి, "అమ్మా, జెర నీళ్లు" అనేవాడు. ద్వాలి ఏనాడూ లేదనలేదు. అవి నల్లా తిప్పితే వచ్చిన నీళ్లు కావు. వాగు ఎండిపోయాక ఇసుకలో చెలిమ తవ్వి, అందులో ఊరిన నీటిని చిప్పతో ఎత్తి బిందె నింపి, ఆ బిందెను నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కి తెచ్చిన నీళ్లు. ఇంట్లో వాళ్లు విసుక్కుంటే, "దూప దూపే. మనిషిదైతేంది, బండిదైతేంది?" అనేది.

ఆ నీళ్లు తీసుకున్న డ్రైవర్లలో గోపయ్య అని ఒకాయన. బానెట్ ఎత్తిన ప్రతిసారీ ద్వాలి చిన్నకొడుకు ఇంజను మీదికి వంగి కళ్లార్పకుండా చూడడం ఆయన గమనించాడు. ఒకనాడు వాణ్ని టికెట్టు లేకుండా ఎక్కించుకుని పోయి పాల్వంచ హాస్టల్లో చేర్పించాడు. హాస్టలు వల్ల బడి, బడి వల్ల ఐటీఐ, ఐటీఐ వల్ల ఉద్యోగం. పెద్దకొడుకు భద్రు ఎడ్లతో తండాలోనే ఉండిపోయి, తునికాకు కోసిన డబ్బులతో తమ్ముడికి పుస్తకాలు కొన్నాడు. తాను తినే అన్నం అమ్మ బిందెలోంచీ అన్న చేతుల్లోంచీ వచ్చిందని ధన్‌సింగ్ ఎప్పుడూ మరిచిపోలేదు.

అందుకే అతని కోరిక చాలా చిన్నది. జీవితమంతా బండ్లకు నీళ్లు పోసిన తల్లికి, నీళ్లడగని బండి ఒకటి చూపించాలి. అందులో కూర్చోబెట్టుకుని పర్ణశాల తీసుకుపోవాలి. ఆమె మొహంలో సంతోషం చూస్తే తన సరదా తీరినట్టే.

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, భార్యాపిల్లలతో తండాలో దిగాడు. ఎత్తు ఎక్కేటప్పుడు కారు ఒక్కసారి కూడా ముక్కలేదు, మూలగలేదు. పిల్లలు పొలోమని వచ్చి మూగారు. ద్వాలి పాక ముందు కూర్చుని ఉంది. కారును చూసి లేచి నిలబడింది, రెండడుగులు ముందుకు వేసింది, అంతలో ఏమనుకుందో వెనక్కి తిరిగి పాకలోకి వెళ్లిపోయింది.

తండాలో అమ్మను యాడి అంటారు. "యాడీ, రా, వచ్చి సూడు!" అని పిలిచాడు ధన్‌సింగ్.

"తల నొస్తున్నది బిడ్డా" అని లోపలి నుంచే వచ్చింది జవాబు.

సరదాకు కారు కొన్నందుకు తల్లికి కోపం వచ్చిందనుకున్నాడు ధన్‌సింగ్. దానికి తోడు భద్రు కారు చుట్టూ తిరిగి, రెండు మక్కల బస్తాలు కూడా పట్టని దాని కడుపు చూసి, నవ్వి అన్నాడు. "తమ్మీ, ఇది దున్నదు, మొయ్యదు. ఎప్పుడో నడి అడవిల ఆగుతది సూడు. అప్పుడు నా ఎడ్లకోసమే ఉరుకొస్తవ్."

అందరూ నవ్వారు. ధన్‌సింగ్ కూడా నవ్వాడు గాని ఆ మాట ముల్లులా దిగింది. ముందు మూతకు గడియ పాడైతే తాడుతో కట్టి ఉంచాడు. ఆ తాడు విప్పి, మూత ఎత్తి, ఇంజను ఎక్కడుందో చెప్పుకోండని పిల్లల్ని ఆడించాడు. లోపల స్పేరు చక్రమూ, పెట్రోలు ట్యాంకూ, దానికో గుండ్రటి బిరడా తప్ప ఏమీ లేవు. "ఇంజను ఎనక ఉంటది! ఇగ ఇంకో వింత ఇనుండ్రి. ఈ కారుకు నీళ్లే వద్దు! సుక్క కూడ వద్దు!" అని పాకలోకి వినపడేలా అరిచాడు. పాకలోంచి ఉలుకూ పలుకూ లేదు.

తెల్లవారాక పర్ణశాల ప్రయాణానికి కారు తీశాడు. తల్లి ఇంట్లో లేదు, వాగుకు పోయిందన్నారు. వచ్చేలోపల ఇంజను వేడి చేద్దామని తాళం తిప్పాడు. కారు గుర్రుమంది, నాలుగుసార్లు దగ్గింది, చచ్చిపోయింది. మళ్లీ తిప్పినా అంతే. వెనక మూత ఎత్తి, పెట్రోలు పైపు ఊడదీసి, ఒక ఖాళీ సీసాలోకి పట్టి, ఎండకు ఎత్తి చూశాడు. సీసాలో పైన పెట్రోలు తేలుతోంది, కింద నీళ్లున్నాయి.

ఫిట్టరుకు అంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు. ట్యాంకులో ఎవరో నీళ్లు పోశారు.

కోపం వచ్చినప్పుడు మనిషికి దగ్గరివాళ్లే మొదట కనపడతారు. సీసా పట్టుకుని ఎడ్ల కొట్టం దగ్గరికి నడిచాడు. భద్రు ఎడ్లకు కుడితి పెడుతున్నాడు.

"అన్నా, నా కారు నీకేం అడ్డమొచ్చింది?"

"ఏందిరా?"

"ట్యాంకుల నీళ్లు పోసినవ్. ఆగుతదని నిన్న నువ్వే అంటివి. ఆగాలనే పోసినవ్. నేను నౌకరి చేస్తున్ననని, కారుల వచ్చిన్నని నీకు కండ్లమంట!"

తండా అంతా వింది. మంగ్లి పరుగున వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది, అతను విదిలించుకున్నాడు. తునికాకు సంగతి భద్రు ఎత్తుతాడేమోనని అందరూ చూశారు. అతను ఎత్తలేదు. కుడితి తొట్టి కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"నేను పోసిన్ననే అనుకుంటున్నవా?"

"ఇంకెవలు పోస్తరు?"

"మంచిది. ఎడ్లు కట్టి నీ కారు రోడ్డుదాంక గుంజిపిస్త. తీస్కొని పో. మళ్ల నా గడప తొక్కకు" అని పలుపు విప్పడానికి వంగాడు. అతను ఒక్కసారి కూడా తల ఎత్తకపోవడం ధన్‌సింగ్ చూశాడు. చూసి కూడా మాట వెనక్కి తీసుకోలేకపోయాడు. నోరు జారినంత సులువుగా మాట వెనక్కి రాదు కదా.

అప్పుడే గుట్ట కింది నుంచి నెత్తిన బిందెతో ద్వాలి ఎక్కి వస్తోంది. చెమటకు ఆమె కాంచళి రవిక తడిసిపోయింది. రొప్పుతూ వచ్చి, కారు దగ్గర మూగిన జనాన్నీ, ఎత్తి ఉన్న మూతనూ చూసి, కంగారుగా అడిగింది.

"కదుల్తలేదా బిడ్డా? ఒక్క బిందె సాలలేదేమో అని నాకు అనుమానమే. పాల్వంచ నుంచి ఉరికొచ్చింది, ఎంత దూప ఉంటదో! అందుకే ఇంకో బిందె తెచ్చిన."

ధన్‌సింగ్ సీసా పట్టుకునే తల్లి ముందుకు వచ్చాడు.

"యాడీ, నువ్వు పోసినవా?" అన్నాడు ధన్‌సింగ్.

"నేను గాక ఎవలు పోస్తరు? నిన్న నీ కారు వచ్చేటాళ్లకు ఇంట్ల సుక్క నీళ్లు లేకపాయె. చెలిమ ఎండింది. ఎవలెవల్దో బండ్లకు పోసిన, నా బిడ్డ కారు మొదటిపాలి ఇంటికొస్తే పొయ్యలేకపోతినని మొకం సెల్లక లోపటికి పోయిన. ఇయ్యాల సీకటితోనే పై వాగుకు పోయి తెచ్చి పోసిన. తాడు ఇప్పి మూతెత్తిన, గుండ్రటి బిరడా కనపడ్డది. నిండ పోసి, మళ్ల ఎట్లున్నదట్లనే కట్టిన."

నశ్యం పీల్చి పీల్చి ఆమె ముక్కుకు పెట్రోలు వాసన తెలిసే రోజులు ఎప్పుడో పోయాయి.

"దీనికి నీళ్లొద్దని నిన్న చెప్పిన గదా."

"చెప్పినవ్, ఇన్న" అని నవ్వింది ద్వాలి. "ఇంటికొచ్చినోళ్లు మొగమాటానికి వద్దనే అంటరు. వద్దన్నరని ఇయ్యకుంట ఉంటమా? ముసల్ది అంత దూరం నడుస్తదని నువ్వు గట్ల చెప్పినవ్. నాకు తెల్వదా?"

ధన్‌సింగ్‌కు కళ్లు మసకబారాయి. తల్లి కోపమనుకున్నది సిగ్గు. అన్న పగ అనుకున్నది తల్లి ప్రేమ. రెండింటిలో ఒక్కటీ అతనికి తెలియలేదు. పలుపు చేతిలో పట్టుకుని నిలబడ్డ భద్రు దగ్గరికి వెళ్లి, అతని కాళ్ల మీదికి వంగాడు. భద్రు భుజం పట్టుకుని లేపాడు. పలుపు కొట్టంలోకి విసిరేశాడు.

"లే, సాలు తియ్. కింద ఏ పైపు ఇప్పాలె, చెప్పు. బకీటు తెస్త."

అన్నదమ్ములిద్దరూ కారు ముందు కూలబడ్డారు. ట్యాంకు కింది పైపు విప్పితే ముందు నీళ్లే వచ్చాయి, ఆ తరువాత పెట్రోలు. భద్రు బకెట్లు మార్చి మార్చి పట్టాడు. ధన్‌సింగ్ పైపులన్నీ ఊది, కార్బురేటరు విప్పి తుడిచి, బిగించాడు. ద్వాలి పక్కనే నిలబడి అనుమానంగా చూసింది.

"పోసిన నీళ్లు పారబోస్తున్నరేందిరా?"

భద్రు తమ్ముడి వైపు చూశాడు. నిజం చెబితే తన నీళ్ల వల్ల కారు ఆగిందని ఆమె జన్మంతా కుమిలిపోతుంది.

"కడుపునిండ తాగింది యాడీ" అన్నాడు ధన్‌సింగ్. "ఎక్కువైనయి తీస్తున్నం. ఈ కారు ఒక్కపాలి తాగితే జన్మకు సాలు. ఇగ ఎన్నడూ అడగదు."

"ఒక్కపాలికేనా?"

"అవ్, ఒక్కపాలికే" అన్నాడు భద్రు, ముసిముసిగా.

ద్వాలి మొహం విచ్చుకుంది. కారు నుదుటి మీద చెయ్యి వేసి, దూడను నిమిరినట్టు నిమిరింది. "మంచి బండి" అంది. రెండు చలికాలాలు మంగ్లి తిట్లు తిన్నది ఈ ఒక్క మాట కోసమేనని ధన్‌సింగ్‌కు అనిపించింది. రెండో బిందెలోంచి దోసిలి పట్టి ఇద్దరు కొడుకులూ నీళ్లు తాగారు. చేతులకు పెట్రోలు వాసన, నీళ్లు మాత్రం తియ్యగా ఉన్నాయి.

ఎండ ఎక్కేసరికి కారు లేచింది. మంగ్లి తన కొంగుతో ముందు సీటు దుమ్ము తుడిచింది. "అత్తమ్మను కూసోబెట్టుకొని మీరు ముగ్గురు పోయి రాండ్రి. నేను, పిల్లలు ఇంకోపాలి వస్తం" అంది. ఇంకోపాలి అందంటే మంగ్లి కూడా ఆ కారును ఒప్పుకున్నట్టే. ద్వాలి ముందు కూర్చుంది, మిగిలిన నీళ్ల బిందెను ఒళ్లో పెట్టుకుని. దించమంటే వినలేదు. వెనక భద్రు కూర్చున్నాడు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా.

అడవిలో ఇంకో ఎత్తు మీద ఒక బస్సు ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది, ఆవిరి కక్కుతోంది. ప్రయాణికులు చెట్ల నీడన చేరారు, డ్రైవరు ఖాళీ డబ్బా పట్టుకుని దారికేసి చూస్తున్నాడు.

"ఆపు బిడ్డా" అంది ద్వాలి.

దిగి, తన చేత్తోనే బిందె వంచి డబ్బా నింపింది. కుర్ర డ్రైవరు దణ్ణం పెట్టాడు. బిందెలో మిగిలిన కాసిని నీళ్లనూ, ఎండలో నిలబడ్డ తాబేలు కారునూ చూసి, "అవి మీ కారుకు ఉంచుకోరాదే అమ్మా, ఈ ఎండల దానికి అక్కరొస్తయి" అన్నాడు.

"దానికి నేను పొద్దుగాల్నే పోసిన" అంది ద్వాలి గర్వంగా. "జన్మకు సరిపోను తాగింది." మిగిలిన నీళ్లు కూడా అతని డబ్బాలోనే పోసేసింది.

వెనక సీట్లో భద్రు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ముందుకు వంగి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. ధన్‌సింగ్ కారు తీశాడు. పర్ణశాల వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.