ఖాళీగా ఉన్నా ఎవరూ కూచోని బల్ల

ఇలా రా అమూల్యా, ఆ ఫోను పక్కన పడేసి నా దగ్గరగా కూచో. మీ అమ్మ కల్పన ఉద్యోగం ఎలా నిలబడిందో చెప్తాను.

అప్పటికి నువ్వింకా పుట్టలేదు. కంప్యూటర్ చదివినవాళ్లని సింగపూర్ రారమ్మని పిలుస్తున్న రోజులు. కల్పన క్లెమెంటిలో గది అద్దెకు తీసుకుని, కొత్తగా కొలువులో చేరింది. ఆమె రాసిన ప్రోగ్రాం పొద్దున్నంతా చక్కగా నడిచేది, మధ్యాహ్నానికి బిగుసుకుపోయేది. పెద్ద మిషనుని సమాచారం అడగడానికి లైన్లు కొన్నే ఉంటాయట. ఒక లైను పట్టుకోవాలి, పనయ్యాక వదిలెయ్యాలి. ఈవిడ ప్రోగ్రాం ఎక్కడో వదలడం లేదు, అందుకే మధ్యాహ్నానికి ఒక్క లైనూ మిగిలేది కాదు. "శుక్రవారానికల్లా బాగుపడకపోతే ఇంటికి టికెట్టు కొనుక్కో" అనేశాడు మేనేజరు గంగాధర్.

గురువారం భోజనానికి, తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటరుకెళ్లింది. అక్కడి పద్ధతి నీకు తెలుసుగా, బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెడితే చోప్ చేసినట్టే, అంటే చోటు పట్టుకున్నట్టే, ఇంకొకరు కూచోరు. తనూ పెట్టి వరసలో నిలబడింది. ఇంతలో ఫోను, మళ్లీ ఆగిపోయిందని! ప్యాకెట్ సంగతే మరిచి ఆఫీసుకి పరిగెత్తింది.

దాన్ని ఎలాగో నడిపించి తిరిగొచ్చేసరికి జనం పళ్లేలు పట్టుకుని నిలబడున్నారు, ఆ బల్ల మాత్రం ఖాళీ! నిలబడ్డవాళ్లలో ఆఫీసులో తన సీనియర్ వసుంధర కూడా ఉంది.

"ఆ ప్యాకెట్ నీదా తల్లీ? నా నూడుల్స్ చల్లారి గడ్డకట్టాయి!"

కల్పనకి నవ్వు రాలేదు. బల్లనే చూస్తూ, "అక్కా, నా ప్రోగ్రాం చేస్తున్నదీ ఇదే. లైను వదిలే మాట చివర్లో రాశాను. మధ్యలో తప్పొస్తే చివరిదాకా రాకుండానే బయటికి పోతోంది. ఎన్నిచోట్లని రాయను?" అంది.

"ఎన్నోచోట్ల ఎందుకు? లైనుని ఒక ఆబ్జెక్ట్ చేతికియ్యి, ప్రోగ్రాంలో కాపలావాడిలా అది పట్టుకునుంటుంది. దానికి డిస్ట్రక్టర్ అని ఉంటుంది, ఆబ్జెక్ట్ పోయేటప్పుడు దానంతటదే నడుస్తుంది. పనయ్యి పోయినా, తప్పొచ్చి మధ్యలో పోయినా సరే. వదిలే మాట అందులో ఒక్కసారి రాయి."

"నేను మరిచిపోతే?"

"మరవడానికి నీ వంతే రాదు. ముందు కూచుని తిను."

సాయంత్రం ఇద్దరూ కూచుని మార్చేశారు. శుక్రవారం మధ్యాహ్నం తప్పులొచ్చాయి, అయినా లైన్లు వాటంతటవే తిరిగొచ్చాయి. ప్రోగ్రాం ఆగలేదు.

"ఎవరు బాగుచేశారు?" అన్నాడు గంగాధర్.

"కల్పనే" అంది వసుంధర. కల్పన నిజం చెప్పబోతే బల్లకింద కాలు తొక్కింది. కల్పన కళ్లు నిండిపోయాయి.

ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. మనం ఈ దేశంలో తింటున్న అన్నంలో ఆమె చెయ్యి ఉంది. వసుంధర, పేరు గుర్తుంచుకోమ్మా. రేపు నీ పక్కన బెదురుచూపుల కొత్తపిల్ల ఎవరైనా చేరితే, ఈ కథ చెప్పు.